వాగు అవతలి ఊరికి నిధి: అసలు ముట్టకుండా మిత్తితో నడిపే తీరు

మా ఊరు ములుగు జిల్లా ఏటూరునాగారం మండలంలో, వాగుకు అవతలి ఒడ్డున ఉంది. 86 ఇండ్లు. ఎండకాలం బండి మీద అరగంట లోపే మండల కేంద్రానికి పోతాం. వానలు గట్టిగా పడితే అదే దారి నీళ్ల కింద ఉంటుంది. ఊరి పేరు రాయను, ఇక్కడ చెప్పే లెక్కల్లో ఇంటింటి సంగతులు ఉన్నాయి. నేను 17 ఏండ్లుగా గ్రామ సమాఖ్యకు లెక్కలు రాస్తున్నాను. చదివింది పదో తరగతే కానీ పైసల పుస్తకం తప్పు పోనివ్వను.

2023 జూలై ఆఖరి వారంలో వరదకు మునిగిన మోరంచపల్లి, కొండాయి పేర్లు టీవీలో వచ్చాయి, మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజుల్లో మేమూ నీళ్ల మధ్యే ఉన్నాం. మా ఊళ్లో ప్రాణాలు పోలేదు కాబట్టి మా పేరు ఎక్కడా రాలేదు. నీళ్లు దిగిన వారానికి దుప్పట్లు, చీరలు, బియ్యం బస్తాలు వచ్చాయి. ఇచ్చిన వాళ్లకు దండం పెడతాను. అయితే రెండో రోజు రాత్రి మాకు కావాల్సింది దుప్పటి కాదు. నొప్పులు మొదలైన పిల్లను అవతలికి దాటించాలి. పడవ నడిపే అన్న తాడు చూసి రానన్నాడు. అది పాతది, నడుమ పీచులు లేచింది. కొత్త తాడు 1,800 రూపాయలు. ఎండకాలంలోనే కొందామని అనుకున్నాం, ఎవరి పైసలతో అనే దగ్గర మాట ఆగిపోయింది. ఆ పిల్ల ఇంట్లోనే కన్నది, మా పెద్దమ్మ చేతుల మీద. తల్లీబిడ్డ బాగున్నారు. బాగుండకపోతే ఆ 1,800 నా మెడకు చుట్టుకునేది.

అప్పటి నుంచి ఊరికి ఒక నిధి పెట్టుకున్నాం. ఎట్లా పెట్టాం, ఎక్కడ తప్పాం, మీరు పెట్టుకుంటే ఏం చూసుకోవాలి అనేదే ఇది. వాగు అవతలి ఊళ్లు, గోదావరి ఒడ్డు ఊళ్లు, అడవి లోపలి గూడేలు, వీటిలో దేనికైనా పనికొస్తుంది.

మా అన్న కొడుకు చెప్పిన దీవి

మా అన్న కొడుకు కెనడాలో న్యూఫౌండ్‌లాండ్ అనే చోట చదివి అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. వరద సంగతి విని ఫోన్ చేసి, "అత్తా, మన ఊరు ఫోగో లెక్కనే ఉన్నది" అన్నాడు. ఫోగో ఒక దీవి. రెండు వేల పై చిలుకు జనం, ఫేర్‌వెల్ అనే రేవు నుంచి పెద్ద పడవలో పోవాలి. చలికాలం మంచు గడ్డకడితే ఆ పడవా కష్టమే. అప్పట్లో కాడ్ చేపే వాళ్ల బతుకు. 1992లో ఆ చేపలు తగ్గిపోయాయని ప్రభుత్వం వేట ఆపించింది. ఆ దీవిలో చేపలు పట్టే ఇంట్లో పుట్టిన జీటా కాబ్ అనే ఆమె బయట టెక్నాలజీ కంపెనీలో బాగా సంపాదించి తిరిగి వచ్చింది, షోర్‌ఫాస్ట్ అనే సంస్థను నిలబెట్టింది. 2013లో 29 గదుల హోటల్ తెరిచారు. దాని మిగులు ఎవరి జేబులోకీ పోదు, తిరిగి దీవి పనులకే వస్తుంది.

మా ఊళ్లో అట్లాంటి ఆడబిడ్డ పుట్టలేదు. పుడితే బాగుండు. పుట్టేదాకా ఎదురు చూడలేం కదా, అందుకే వాడు చెప్పిన రెండో సంగతి నాకు ఎక్కువ నచ్చింది. కోట్లున్న మనిషి లేని చోట కూడా ఇట్లాంటివి నడుస్తున్నాయట. వాటిని కమ్యూనిటీ ఫౌండేషన్లు అంటారు. చాలామంది ఇచ్చిన చిన్నా పెద్దా పైసలను ఒక్క చోట కూడబెడతారు. అసలు సొమ్మును ముట్టరు. దాని మీద వచ్చే దాంట్లోంచి ఆ ప్రాంతం అవసరాలకు ఇస్తారు. ఎవరికివ్వాలో అక్కడివాళ్లతో కూడిన కమిటీ చూస్తుంది. మొదటిది 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకు మనిషి పెట్టాడు.

ఆయనకు ఆ ఆలోచన ఎందుకు వచ్చిందో వింటే మనకు కొత్తగా అనిపించదు. ధనవంతులు చనిపోతూ, నా పైసలు ఫలానా పనికే వాడాలని వీలునామా రాసేవాళ్లు. యాభై ఏండ్లకు ఆ పనే లోకంలో ఉండదు, పైసలు మాత్రం ఎవరికీ అందకుండా పడి ఉంటాయి. మా ఊరి మొదట్లో ఒక పెద్దాయన పేరు చెక్కిన నీళ్ల తొట్టి ఉంది, బాటన పోయే ఎడ్ల కోసం కట్టించింది. ఇప్పుడు ఎడ్లబండి ఎక్కడిది? పిల్లలు అందులో చెప్పులు కడుక్కుంటారు. కాబట్టి మా నిధికి ఎవరు పైసలిచ్చినా ఒక వాక్యం రాయించుకుంటాం: "నేను చెప్పిన పని అవసరం తీరితే కమిటీ దానికి దగ్గరి పనికి వాడవచ్చు." రాయనంటే తీసుకోం. ఒకాయన గుడి అరుగుకు మాత్రమే అని పదివేలు తెచ్చాడు, గుడి కమిటీకి ఇమ్మని దండం పెట్టి పంపించాం.

ముందు ఏడాది పుస్తకం రాయండి

పైసలు అడిగే ముందే చేయాల్సిన పని ఇది. మేము వెనుక చేశాం, మీరు ముందు చేయండి. ఒక నోట్‌బుక్ తీసుకొని నీళ్ల రోజులు రాయండి. వాగు ఏ తేదీన మూసింది, ఏ తేదీన తెరిచింది, ఆ రోజుల్లో ఏం ఆగింది, ఎవరికి, దాన్ని తీర్చడానికి ఎంత అవుతుండె. అంతే.

2024 వానకాలం నేను రాసిన పుస్తకంలో 37 రోజులు దారి మూసుకుంది, అదీ వరుసగా కాదు. ఊళ్లో అందరూ ముందు చెప్పింది బియ్యం, కూరగాయలు. పుస్తకంలో చూస్తే బియ్యం ఒక్కసారి కూడా తక్కువ పడలేదు. వాన ముందు అందరం నిల్వ చేసుకుంటాం. నిజంగా ఆగినవి వేరే ఉన్నాయి. బీపీ, షుగర్ గోలీలు తొమ్మిది మందికి అయిపోయాయి. నెలలు నిండిన వాళ్లు ముగ్గురు. హాస్టల్ నుంచి సెలవుకు వచ్చిన పిల్లలు ఇద్దరు తిరిగి పోలేక పరీక్ష తప్పారు. నాలుగు రోజులు కరెంటు లేక ఫోన్లన్నీ చచ్చాయి, 108కు కాల్ చేయడానికి ఒక్క ఫోన్ చార్జింగ్ లేదు. మొత్తం కూడితే ఏడాదికి 15 వేలు కూడా కాలేదు. ఆ సంఖ్య చూసినప్పుడు నాకు కొంచెం సిగ్గనిపించింది, ఇంత చిన్న దానికా ఇన్నేండ్లు ఏడ్చాం అని.

ఈ పుస్తకం ఇంకో మేలు చేస్తుంది. నిధి పని కానిది ఏదో తెలుస్తుంది. మావాళ్లలో సగం మంది, "ఆ పైసలు బ్రిడ్జికి పెడదాం" అన్నారు. బ్రిడ్జి కోట్ల పని, అది సర్కారు కట్టాలి. మన మిత్తితో ఒక పిల్లర్ గుంత కూడా తవ్వలేం. పైగా మనం పెడతామంటే సర్కారు ఇంకో పదేండ్లు ఆలస్యం చేస్తుంది. రోడ్డు, బ్రిడ్జి, ఆశా వర్కర్ జీతం, బడి సారు హాజరు, ఇవన్నీ అడిగి తెచ్చుకునేవి. పుస్తకంలోని 37 రోజుల లెక్కను జిరాక్స్ తీసి బ్రిడ్జి అర్జీకి పిన్ చేసి ఇచ్చాం. వట్టి అర్జీ కంటే అది కాస్త బరువుగా ఉంది, ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టారు.

అమెరికాలో మెయిన్ అనే రాష్ట్రానికి ఆనుకొని, బ్రిడ్జి లేకుండా ఏడాది పొడుగునా జనం ఉండే దీవులు 15 మిగిలాయి. ఒకప్పుడు వందల్లో ఉండేవి. 1905లో పుట్టిన ఒక మిషన్ సంస్థకు సన్‌బీమ్ అనే పడవ ఉంది. అది నర్సును ఎక్కించుకొని దీవి దీవికి తిరుగుతుంది. దూరంలో ఉన్న డాక్టర్‌తో తెర మీద మాట్లాడిస్తుంది. దవాఖాన కట్టడం నిధి వల్ల కాదు, నర్సును దాటించడం అవుతుంది. మేమూ ఏఎన్ఎం అక్క వచ్చే రోజు పడవ కూలి మేం ఇస్తామని ముందే చెప్పి పెట్టాం. "పడవ లేదమ్మా" అనే మాట ఆమె నోట మళ్లీ రాలేదు.

పైసలు ఎక్కడివి

మొదటి పైసలు ఊళ్లోనే పుట్టాలి. బయటి వాళ్లు ఇచ్చే ముందు అడిగే మొదటి ప్రశ్న, "మీరెంత వేసుకున్నారు?" ఇంటికి 500 అనుకున్నాం. 71 ఇండ్లు ఇచ్చాయి, 35,500 వచ్చింది. ఇవ్వలేని 15 ఇండ్ల పేర్లు ఎక్కడా రాయలేదు. ఇది చాలా ముఖ్యం. పేర్లు గోడ మీద పెట్టిన రోజే నిధి చచ్చిపోతుంది.

మాకు ఇంకో దారి ఉంది, అది మా తావుకే ప్రత్యేకం. రెండేండ్లకోసారి మేడారం జాతర. జాతర ఏడు మా ఊళ్లో ప్రతి ఇంటికీ ఏదో ఒక రాబడి ఉంటుంది. ఒకరు కోళ్లు అమ్ముతారు, ఒకరు కట్టెలు, ఒకరు ఇంటి ముందు జాగలో బండ్లు పెట్టనిచ్చి తీసుకుంటారు. ఆ నాలుగు రోజుల్లో ఒక్క రోజు రాబడి నిధికి అని 2024 ఫిబ్రవరి జాతరకు మాట అనుకున్నాం. ఎవరు ఎంత సంపాదించారో అడగలేదు, మూత ఉన్న డబ్బా పెట్టాం. 64,000 పడ్డది. మీ దగ్గర మేడారం లేకపోతే పత్తి ఏరిన తర్వాతో, మిర్చి అమ్మిన వారంలోనో అడగండి. జూన్‌లో, విత్తనాలు కొనే రోజుల్లో అడిగితే ఎవరూ ఇవ్వరు, ఇవ్వలేరు కూడా.

ఊరి నుంచి పోయి హన్మకొండ, హైదరాబాద్‌లలో జీతాలు చేసుకుంటున్న వాళ్లు 1,10,000 ఇచ్చారు. మా అన్న కొడుకు, వాని దోస్తులు కలిసి లక్ష పంపారు. మొత్తం 3,09,500.

విదేశం నుంచి వచ్చే పైసల దగ్గర జాగ్రత్త. బయట దేశంలో ఉన్నా ఇండియా పాస్‌పోర్టే ఉన్నవాళ్లు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే దాన్ని విదేశీ విరాళంగా లెక్కించరు. అక్కడి పౌరసత్వం తీసుకున్న వాళ్లు, మన మూలాలున్న వాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీయులే. వాళ్ల దగ్గర తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి కావాలి, ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో దానికోసం ప్రత్యేక ఖాతా కావాలి. 86 ఇండ్ల ఊరికి అది అయ్యే పని కాదు. మావాని దోస్తుల్లో ఒకడు కెనడా పౌరుడయ్యాడు. అతని 25,000 ముట్టకుండా వద్దని చెప్పాం. లక్షలో అది లేదు. చెప్పడానికి నోరు రాలేదు కానీ చెప్పాలి.

మాకు లేని ఇంకో దారి కూడా చెబుతాను, బొగ్గు బావులో ప్రాజెక్టులో దగ్గరున్న ఊళ్లకు పనికొస్తుంది. స్కాట్లాండ్‌కు ఉత్తరాన షెట్‌లాండ్ దీవులు ఉన్నాయి. వాళ్ల సముద్రంలో చమురు దొరికింది. కంపెనీలు వచ్చి దీవి జనానికి కలిగించిన ఇబ్బందికి ఇచ్చిన పైసలను వాళ్లు ఇంటింటికీ పంచుకోలేదు. 1976లో ఒక ట్రస్టు పెట్టి దాంట్లో వేశారు. ముసలివాళ్లకు సంరక్షణ కేంద్రాలు, ఊళ్లలో వ్యాయామ శాలలు దాని పైసలతోనే వచ్చాయి. మన దగ్గర పరిహారం వచ్చిన ఊళ్లను చూశాను. ఆరు నెలలు బండ్ల షోరూములకు పండగ. ఇంటి పరిహారం ఇంటిది, అది అడగొద్దు. ఊరి ఉమ్మడి జాగకు, చెరువుకు, గుట్టకు పైసలు వస్తే మాత్రం పంచుకునే ముందు ఒక్కసారి షెట్‌లాండ్ గుర్తు చేసుకోండి.

అసలు ఎక్కడ పెట్టాలి, నేను చేసిన తప్పు

బ్యాంకులో ఏడు శాతం అంటే నూటికి నెలకు 58 పైసలు. ఊళ్లో చేబదులు నూటికి రెండు రూపాయలు, అవసరాన్ని బట్టి మూడు. ఈ తేడాయే మీ నిధిని ముంచుతుంది. జాతర కంటే ముందు, 35,500 మాత్రమే చేతిలో ఉన్నప్పుడు, ఒక తమ్ముడు మా ఇంటికి వచ్చాడు. "అక్కా, బ్యాంకోడు ఇచ్చేదేంది? నేను నూటికి రెండు రూపాయలిస్త. మిర్చి అమ్మంగనే మొత్తం ఇస్త" అన్నాడు. నమ్మదగిన మనిషి. కమిటీలో ఎవరూ కాదనలేదు, నేనే సరేనన్నాను. 30,000 ఇచ్చాం. తామర పురుగు తిన్నంత తిన్నది, మార్కెట్లో రేటు పడిపోయింది. మిత్తి సంగతి దేవుడెరుగు, అసలు రావడానికి 2025 మే దాకా పట్టింది. ఆ ఏడాదిన్నర అతను నన్ను చూసి దారి మార్చుకునేవాడు, నేనూ అతని ఇంటి ముందు నుంచి పోవడం మానేశాను. నిధికి పోయింది మిత్తి ఒక్కటే కాదు.

అప్పు ఇవ్వడం గ్రామ సమాఖ్య పని. దానికి గ్రూపు పూచీ ఉంది, వాయిదా ఉంది, వసూలుకు పద్ధతి ఉంది. నిధిలోంచి ఎవరికీ ఏ రేటుకూ అప్పు ఇవ్వొద్దు. చిట్టీ వేయొద్దు. బంగారం కొనొద్దు. మా వైపు భూమి మాట కూడా వస్తుంది. ఏజెన్సీలో 1/70 చట్టం ఉంది, గిరిజనులు కానివాళ్ల పేరిట భూమి మారదు, ట్రస్టు పేరిట భూమి కొనే ఆలోచనే పెట్టుకోవద్దు. బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్, మిత్తి మూడు నెలలకోసారి సేవింగ్స్ ఖాతాలో పడేలా. మేము వేసినప్పుడు ఏడు శాతం దొరికింది. ఇప్పుడు రేటు అంతకంటే తగ్గింది, మీ లెక్క ఆరున వేసుకోండి.

ఎవరి పేరిట వేయాలి? ఇక్కడ మూడు దారులు. ఒకటి, ముగ్గురి పేరిట జాయింట్ ఖాతా. సులువే కానీ ఆ ముగ్గురిలో ఒకరు పోతే ఇంటివాళ్లతో పేచీ, పన్ను కూడా వాళ్ల మీద పడుతుంది. మొదటి ఆరు నెలలకు తప్ప వద్దు. రెండు, సొంతంగా సొసైటీ గానీ ట్రస్టు గానీ. సొసైటీకి కనీసం ఏడుగురు కావాలి, జిల్లా రిజిస్ట్రార్ దగ్గర రిజిస్ట్రేషన్. ట్రస్టు డీడ్ సబ్ రిజిస్ట్రార్ దగ్గర. నా మట్టుకు, అసలు కాపాడటానికి ట్రస్టు గట్టిది. సొసైటీలో ఎక్కువ మంది చేయెత్తితే నియమం మారిపోతుంది. అయితే ట్రస్టు ఒకే ఇంటి చేతిలోకి పోయే ప్రమాదం ఉంది. డీడ్‌లోనే రాయండి: మూడేండ్లకు మించి ఎవరూ వరుసగా ఉండొద్దు, ఒక ఇంటి నుంచి ఒక్కరే.

మూడోది మేం ఎంచుకున్నది. చాలా దేశాల్లో చిన్న దీవులు సొంతంగా ఆఫీసు పెట్టుకోవు, పెద్ద ఫౌండేషన్ లోపల తమ పేరుతో ఒక నిధి పెట్టుకుంటాయి. ఆడిట్, పన్ను కాగితాలు పెద్దవాళ్లు చూసుకుంటారు, పైసలు ఎవరికన్నది దీవి వాళ్లు చెబుతారు. మేము హన్మకొండలో ఉన్న ఒక రిజిస్టరయిన ట్రస్టును అడిగాం. ఒప్పుకున్నారు. మా పేరుతో వేరే ఖాతా, వేరే డిపాజిట్. ఆడిట్ ఖర్చుకు ఏడాదికి వెయ్యి తీసుకుంటారు. ఒప్పందం నాలుగు పేజీలు. అందులో నేను పట్టుబట్టి రాయించింది ఒక్కటే: మేం అడిగితే మూడు నెలల్లో మొత్తం మేం చెప్పిన సంస్థకు మార్చాలి. మంచివాళ్లే, అయినా ఆ సంస్థలో రేపు ఎవరుంటారో మనకు తెలియదు కదా.

పన్ను మినహాయింపు సంగతి కొంచెం ఓపికగా చదవండి. ఆదాయపు పన్ను శాఖ దగ్గర ట్రస్టుకు 12ఏ రిజిస్ట్రేషన్ ఉంటే ట్రస్టు రాబడికి పన్ను పడదు. 80జీ ఉంటే ఇచ్చినవాళ్లకు మినహాయింపు వస్తుంది, అయితే రెండు వేలకు మించి నగదుగా ఇస్తే రాదు. మామూలు విరాళాన్ని ఆ ఏడాదిలో 85 శాతం ఖర్చు చేయాలి. మనకు కావాల్సింది ఖర్చు చేయకుండా ఉంచడం. అందుకే ఇచ్చే మనిషి "ఇది మూలనిధికి" అని కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఆ ఒక్క వాక్యం లేక మొదట 22,000 మామూలు విరాళంగా లెక్కలోకి పోయింది. తర్వాత ఇంటింటికీ తిరిగి సంతకాలు తెచ్చాను, ఆడిటర్ సగమే ఒప్పుకున్నాడు. 2026 ఏప్రిల్ నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ల నంబర్లు మారాయి. పాత నంబరు చెప్పినా ఆడిటర్‌కు అర్థమవుతుంది.

పెద్ద కంపెనీలు సమాజం పనులకు ఇచ్చే సీఎస్సార్ పైసల మీద మా కుర్రాళ్లకు ఆశ ఎక్కువ. 2013 కంపెనీల చట్టం ప్రకారం లాభాల్లో రెండు శాతం అట్లాంటి పనులకు పెట్టాలన్న మాట నిజమే. కానీ అవి ఖర్చు చేయాల్సిన పైసలు, మూలనిధికి పనికిరావు. ఒకసారికి పడవో, సోలార్ లైట్లో అడగొచ్చు. అంతవరకే.

డబ్బాకు రెండు తాళాలు

బ్యాంకు వాగుకు అవతల ఉంది. ఈ ఒక్క మాట ఎవరూ ముందు ఆలోచించలేదు. చెక్కు మీద ఇద్దరు సంతకం పెట్టాలి, ఇద్దరమూ ఇవతల ఉన్నాం, వాగు నిండా నీళ్లు. ఫోన్‌పే ఉంది కదా అన్నారు పిల్లలు. కరెంటు పోయిన రెండో రోజు టవర్ కూడా పోతుంది. మొదటి వానకాలం ఖాతాలో పైసలు పెట్టుకొని అప్పు చేసి మందులు తెప్పించాం. నవ్వొస్తుంది ఇప్పుడు.

ఇప్పుడు చేసేది ఇది. మిరుగానికి వారం ముందు ఖాతాలోంచి 8,000 తీసి ఇనుప డబ్బాలో పెడతాం. ఎక్కువ 100, 200 నోట్లే, 500 నోటుకు చిల్లర పుట్టదు. డబ్బాకు రెండు తాళాలు. తాళంచెవులు రెండు ఇండ్లలో, ఊరికి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. నీళ్లు ఒక వాడను ముంచినా రెండో వాడలో మనిషి ఉంటాడు. డబ్బాలో నోట్ల కట్టతో పాటు చిన్న పుస్తకం, పెన్ను. ఎవరికి, ఎందుకు, ఎంత, తీసిన ఇద్దరి సంతకాలు. రెండు వేల లోపు ఖర్చుకు ఆ ఇద్దరే చాలు, కమిటీ కూర్చోవాల్సిన పని లేదు. వాగు పొంగిన రాత్రి మీటింగ్ పెట్టేవాళ్లకు నా దండం. దసరా దాటాక డబ్బా తెరిచి అందరి ముందు లెక్క చూస్తాం.

ఇంకొకటి. కమిటీలో ఒక మనిషి అవతలి ఒడ్డున ఉండేవాడై ఉండాలి. మా ఊరి ఆడబిడ్డ ఒకామె ఏటూరునాగారంలో ఉంటుంది. నెలలు నిండిన వాళ్లను పది రోజుల ముందే దాటించి ఆమె చూసిన గదిలో ఉంచుతాం. మనిషికి 1,500 అవుతుంది. నిధి చేసే పనులన్నిట్లో నాకు ఇదే ఎక్కువ ఇష్టం.

ఎవరికివ్వాలి, ఎవరిని కాదనాలి

కమిటీ ఏడుగురు, నలుగురు ఆడవాళ్లు. సర్పంచ్‌ను, వార్డు మెంబర్లను కావాలనే తీసుకోలేదు. ఐదేండ్లకోసారి మారేవాళ్లకు, ఓట్లు కావాల్సిన వాళ్లకు ఇవ్వడం తప్ప కాదనడం కష్టం. సర్పంచ్ సాబ్ మొదట అలిగాడు. తర్వాత ఎవరొచ్చి అడిగినా, "నా చేతిలో లేదు, అక్కను అడుగు" అని తప్పించుకుంటున్నాడు.

అడిగేవాళ్లు ఒక్క కాగితం మీద రాసివ్వాలి. రాయరానివాళ్లది నేనే రాస్తాను. పెండ్లికి, చావుకు, తాగుబోతు జరిమానాకు ఇవ్వం. చావుకు ఇవ్వకపోవడం మా ఊళ్లో పెద్ద మాట అయింది, ఇప్పటికీ ఉంది. దానికి మేం ఇంటికి ఇరవై వేరే వేసుకుంటాం, నిధిని ముట్టం.

మా ఆడబిడ్డను ఇచ్చింది జగిత్యాల వైపు. నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీలు, వీడీసీలు అంటారు, బలంగా ఉంటాయి. గుళ్లు కట్టాయి, పంచాయతీ చేయలేని పనులు చేశాయి. అదే చేత్తో కొన్ని చోట్ల బెల్టు షాపు వేలం వేశాయి, జరిమానాలు కట్టించాయి, కట్టనివాళ్లను ఊరంతా బహిష్కరించాయి. పోలీసు కేసులు కూడా అయ్యాయి. నేను చూసినంతలో తేడా పైసలు ఎట్లా వచ్చాయన్న దగ్గర మొదలవుతుంది. జరిమానాతో నిండే డబ్బాకు రోజూ ఒక తప్పు చేసినవాడు కావాలి. మా నియమాల్లో మొదటిది, జరిమానా పైసా వద్దు, వేలం పైసా వద్దు.

ఆదర్శ గ్రామంగా పేరున్న గీసుగొండ మండలం గంగదేవిపల్లికి పోయి చూసి వచ్చాం. పనికొక కమిటీ, అందరికీ కనబడే లెక్క. వచ్చాక పంచాయతీ గోడ మీద నల్ల రంగు పూసి సుద్దతో లెక్క రాస్తున్నాం. ఫోగోలో హోటల్ గదికి కట్టిన పైసలు ఎంత జీతాలకు, ఎంత సరుకులకు, ఎంత దీవికి అని చీటీ మీద అచ్చేస్తారట. మాది సుద్దముక్క, అయితే పని అదే. సాయం తీసుకున్నవాళ్ల పేరు మాత్రం రాయం, "ఒక ఇంటికి మందులు" అని రాస్తాం.

2025 వానకాలం గోడ మీద రాసిన లెక్క ఇది. డిపాజిట్ మూడు లక్షలు, ఏడాదికి మిత్తి 21,000. ఆడిట్‌కు 1,000. ధరలు పెరుగుతాయి కాబట్టి అసలులోకి తిరిగి 5,000. ఖర్చుకు మిగిలింది 15,000. ముగ్గురు గర్భిణులకు గది, తిండి 4,500. పడవ కూలి, పన్నెండు సార్లకు 3,600. తాడు 1,800. గోలీలు 2,250. బ్యాటరీ లైట్లు, ఫోన్లు చార్జ్ చేసే సోలార్ పలక 2,400. మొత్తం 14,550. మిగిలిన 450 అసలులో కలిపాం. 2026 జనవరి జాతర డబ్బాలో 72,000 పడ్డది, దాన్ని కొత్త డిపాజిట్‌గా వేశాం.

తాడు రెండేండ్లకోసారి మార్చాలి, ఎండకు పీచు లేస్తుంది. పాతది పారేయకండి, పశువులకు పనికొస్తుంది. పడవ నడిపే అన్న పాత తాడుతో తన బర్రెను కట్టేసుకున్నాడు. డబ్బా రెండో తాళంచెవి ఆయన ఇంట్లోనే ఉంటుంది.